ముందస్తు బొట్టు

మా సేవా సంఘానికి చెందిన చారిత్రక ఛాయాచిత్రం సంపూర్ణంగా సంరక్షించబడిందనీ, ఇకమీదట దానికి చెదల వల్ల గాని, చెమ్మ వల్ల గాని, ఎండ వల్ల గాని ఏ ప్రమాదమూ లేదనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఈ క్రమంలో ఫొటోలోని మనుషులు మారిపోయిన మాట నిజమే. ఫ్రేము మాత్రం పాతదే.

ఆ ఫొటో సంగతి తెలియనివారి కోసం కొంచెం వెనక్కి పోవాలి. పోచంపల్లి చుట్టుపక్కల మగ్గాల ఊళ్ల నుంచి చీరల మూటలు భుజాన వేసుకుని దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, ఇక్కడే నిలదొక్కుకున్న మొదటి ఐదు జంటలు డెబ్బైల చివర్లో స్టూడియోకు పోయి దిగిన ఫొటో అది. భర్తలు కుర్చీల్లో కూర్చున్నారు. భార్యలు వెనక నిలబడ్డారు. వాళ్ల పిల్లలూ, పిల్లల పిల్లలూ, వాళ్లను చూసి వెనకాల వచ్చిన మాలాంటి వాళ్లూ ఇప్పుడు సైదాబాద్ నుంచి హయత్‌నగర్ దాకా ఉన్నాము. మాకొక సంఘం ఉంది. సంఘానికి చీరల దుకాణం పైన ఒక గది ఉంది. గదికి గోడ, గోడకు ఈ ఫొటో. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే కాబట్టి నన్ను సంయుక్త కార్యదర్శిని చేశారు. కాగితం మీద పెట్టవలసింది ఏదున్నా నా దగ్గరికే వస్తుంది. ఇదీ అలా వచ్చిందే.

ఫొటో తీసిన రోజున స్టూడియో ఆయన నెగెటివ్ కూడా ఇవ్వబోయాడట. మా పెద్దలు దాన్ని వెలుగుకు ఎత్తి చూశారు. అందరికీ వెంట్రుకలు తెల్లగా, కళ్లు అదోలా కనిపించాయి. ఇలాంటిది ఇంట్లో ఉంటే అరిష్టమని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేశారు. పోనీ ఇంకో కాపీ తీసి ఇస్తానంటే, నకలు ఉన్నాక అసలుకు విలువేముంటుందని అడిగారు. తరువాత రోడ్డు వెడల్పులో స్టూడియో కూడా పోయింది. ఆ విధంగా మా ఫొటో లోకంలో ఏకైక ప్రతిగా నిలిచింది. మిగతా సంఘాలు మమ్మల్ని చూసి అసూయపడ్డాయని విన్నాము.

ఫొటోలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే కాలం చేస్తూ వచ్చారు. పదకొండో రోజు కర్మ ముగిశాక కుటుంబమంతా సంఘం గదికి వచ్చి, ఫొటోలో ఆ మనిషి నొసట కుంకుమబొట్టు పెట్టడం ఆచారమైంది. ఏటా వార్షికోత్సవం నాడు పాత బొట్ల మీద కొత్త బొట్లు పెట్టాలి. ఇందులో ఒక చిన్న సాంకేతిక ఇబ్బంది ఉంది. పదిమంది పట్టిన ఫొటోలో ఒక్కొక్కరి ముఖం చింతగింజంత ఉంటుంది. పెట్టేవారి వేలు చింతగింజ కంటే పెద్దది. నొసలు చూసే పెడతారు గాని బొట్టు గడ్డం దాకా వస్తుంది. ప్రేమ ఎక్కువున్న ఇళ్లలో భుజాల దాకా కూడా వచ్చింది.

మొదట్లో బొట్టు అద్దం మీద పెట్టేవాళ్లు. ఎవరికైనా ముఖం చూసుకోవాలనిపిస్తే తుడిచి, చూసుకుని, మళ్లీ పెట్టి పోయేవాళ్లు. సంఘం గదిని సైదాబాద్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు మార్చినప్పుడు ట్రాలీ ఆటోలో ఆ అద్దం పగిలింది. కొత్త అద్దం వేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించి, కొలతల కోసం ఉపసంఘాన్ని వేశాము. ఒక సభ్యుడు ఫ్రేము బయటి కొలత తెచ్చాడు, ఇంకొకాయన లోపలి కొలత తెచ్చాడు. ఎవరినీ నొప్పించకూడదని రెండింటికీ మధ్యలో ఉండే అద్దం కోయించాము. అది ఫ్రేములో పట్టలేదు. దాన్ని బల్ల మీద పరిచాము. దాని కింద మా అధ్యక్షులవారి సన్మానాల పేపరు కటింగులు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

అద్దం లేదని ఆచారం ఆగదు కదా. అప్పటినుంచి బొట్టు నేరుగా ఫొటో మీదే పెట్టాము. పొడి కుంకుమ రాలిపోతోందని కొబ్బరినూనెలో కలిపి పెట్టాము.

ఫొటోను నిర్లక్ష్యం చేశామని మాత్రం అనుకోవద్దు. పురుగు పట్టకుండా ఫ్రేము వెనక కలరా ఉండలు పెట్టాము. ఉండల వాసన పోవడానికి పక్కనే అగరుబత్తి స్టాండు పెట్టాము. మూలలు లేస్తే టేపు వేశాము, టేపు పసుపు పచ్చబడితే దాని మీద ఇంకో టేపు వేశాము. గోడ చెమ్మగా ఉందని ఎండ పడే గోడకు మార్చాము. ఎండకు వెలిసిపోతోందని కూలర్ ఎదుటి గోడకు మార్చాము. ఎవరూ సెల్‌ఫోన్‌తో ఫొటో తీయకూడదని, ఫ్లాష్ పడితే ముఖాలు వెలిసిపోతాయని బోర్డు రాయించాము. అప్పటికి ఫొటోలో ముఖాలు పెద్దగా మిగలలేదు. కాని నియమం నియమమే.

ఇట్లా తొమ్మిదిమంది ఎర్రటి గుండ్రాలుగా మారిపోగా, మిగిలిన ఒకే ఒక్క ముఖం బిక్షమయ్య తాతది. ఎడమ చివరి కుర్చీ. మీసం, మోచేతి దాకా మడిచిన చొక్కా, చేతి గడియారం, అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. కారణం ఒకటే. ఆయన బతికి ఉన్నాడు. పాత ఫొటోలో ముఖం చెడకుండా కాపాడుకోవడానికి అంతకు మించిన పద్ధతి మా సంఘం ఎరుగదు.

ఆయన కుర్చీ వెనక నిలబడ్డ మనిషి ఆయన భార్య పూలమ్మ. ముత్తైదువగా పోయింది కాబట్టి ఆమె బొట్టు మిగతా అందరికంటే పెద్దది. ఏటా వార్షికోత్సవానికి బిక్షమయ్య తాత మీర్‌పేట్ నుంచి కోడలు భానుప్రియ బండి మీద వచ్చి, ఆ బొట్టు తన చేత్తోనే పెట్టేవాడు. కళ్లకు శుక్లాలు ముదిరి చాలా ఏళ్లయింది. ఫ్రేము అంచు తడిమి, అక్కడినుంచి అంచనా కట్టి వేలు ఆనించేవాడు. తరువాత చాలాసేపు ఫొటో ముందు నిలబడేవాడు. పూలమ్మకు ఇంకెక్కడా ఫొటో లేదు. ఆమె ఉన్న కాలంలో మనిషి ఉన్నాడనడానికి మనిషే సరిపోయేవాడు, ఫొటో ఉన్న కార్డు అడిగేవాళ్లు కాదు. తాతకు ఫొటోలో ఆ చోట మసకగా ఎర్రగా కనిపించేది. అది ఆ రోజు ఆమె కట్టుకున్న చీర అనుకునేవాడట. ఫొటో నలుపు తెలుపుదని ఆయనకు గుర్తు చేసేటంత చెడ్డవాళ్లు మా సంఘంలో ఎవరూ లేరు.

మొన్న ఎల్బీనగర్‌లో ఆయనకు రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. చూపు తేటపడి, డాక్టరు ఇక తిరగవచ్చన్న రోజునే నల్లద్దాలతో సంఘం గది మెట్లెక్కి వచ్చాడు. వెనకాల మందుల సంచితో భానుప్రియ. నేనే తాళం తీశాను. ఆయన నల్లద్దాలు తీసి, ఫొటో దగ్గరికి పోయి, చివరినుంచి చివరిదాకా చూశాడు.

"బిడ్డా, పూలమ్మ ఏది?"

నేను వేలు పెట్టి చూపించాను.

"అది బొట్టు. నేను అడిగేది మనిషిని."

డిగ్రీలో ఇలాంటి ప్రశ్న రాలేదు. ఆయన తన వేలి వైపు ఒకసారి చూసుకుని, కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. అనవలసినదంతా భానుప్రియ అంది.

"తమ్మీ, నాలుగేండ్ల సంది ఆపరేషన్ చేయించుకో మామా అని కాళ్లు పట్టుకున్నం. సచ్చేటోనికి కండ్లెందుకన్నడు. ఆఖరికి అత్తమ్మ ఫొటో మంచిగ కనవడుతది అన్న. గా ఒక్క మాట మీద ఒప్పుకున్నడు. ఇప్పుడు నేనేం మొకం పెట్టుకోవాలె? ఏమన్న చేయుర్రి."

"ఒక్కసారి సూస్త, గంతే," అన్నాడు తాత. "పోయినంక ఆడ గుర్తుపట్టాలె కదా."

విషయం తీవ్రతను గుర్తించి అత్యవసర సమావేశం ఏర్పాటు చేశాము. అధ్యక్షులు సీతారాములు గారు అరగంట ప్రసంగించారు. "చరిత్రను మరిచిన జాతి వేరు తెగిన వృక్షం. మన పూర్వీకుల ముఖాలు ఈనాడు ఈ స్థితిలో ఉన్నాయంటే, దానికి మూలం మన భక్తి, మన శ్రద్ధ, మన నిరంతర కృషి," అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. కోశాధికారి శ్రీధర్ లేచి, ఆలస్యం చేయకుండా ఫొటోను కుంకుమతో సహా లామినేషన్ చేయించాలన్నాడు. లామినేషన్‌లో ఆయన అనుభవజ్ఞుడు. తన డిగ్రీ సర్టిఫికెట్టునూ, తండ్రిగారి భూమి కాగితాలనూ ఎంత గట్టిగా లామినేషన్ చేయించాడంటే, నేటివరకు ఏ ఆఫీసు వాళ్లూ వాటి మీద ఒక్క ముద్ర కూడా వేయలేకపోయారు.

చివరికి ఫొటోను దిల్‌సుఖ్‌నగర్ గల్లీలోనే స్టూడియో నడుపుతున్న యోగేందర్‌కు చూపించాలని నిర్ణయించాము. అతను భూతద్దం పెట్టి తొమ్మిది బొట్లూ చూశాడు. నూనె కాగితంలోకి దిగిందనీ, కుంకుమ గీకితే ముఖం కూడా దాంతోపాటే వస్తుందనీ చెప్పాడు. "అన్నా, కింద ఇంక మనుషులు లేరు. అంత బొట్టే," అన్నాడు. అద్దం పగిలిన నాడే ఒక కాపీ తీసి పెట్టుకుంటే సరిపోయేది కదా అని కూడా అన్నాడు. అతని సలహాకు సభ కృతజ్ఞతలు తెలిపింది. అయితే కంప్యూటరులో కొత్త ముఖాలు చేసి అతికించవచ్చనీ, ఎవరెట్లా ఉండేవారో చెబితే చాలనీ అతను అనగానే అందరి ముఖాలూ వెలిగాయి.

ఎవరెట్లా ఉండేవారో చెప్పడానికి మూడు సమావేశాలు పట్టాయి. చనిపోయిన పెద్దలందరూ తెల్లగా ఉండేవారని ఏ కుటుంబానికి ఆ కుటుంబం గట్టిగా చెప్పింది. ముఖాలు తెల్లగా చేస్తే చేతులు నల్లగా మిగులుతాయి, ఎట్లా అని యోగేందర్ అడిగాడు. చేతులను కూడా ముఖాల స్థాయికి తేవాలని తీర్మానించాము. ఇద్దరు కొడుకులు, తాము అచ్చం నాయన పోలికేనని తమ పెళ్లి ఫొటోలు ఇచ్చారు. అందువల్ల మా ఫొటోలో డెబ్బైల నాటి ఇద్దరు పెద్దమనుషులకు ఈనాటి క్షవరం ఉంది. పూలమ్మ దగ్గర మాత్రం ముక్కు విషయంలో వివాదం వచ్చింది. ఆమెను ఎరిగిన లలితమ్మ గారు బండ ముక్కని అన్నారు. మిగతావాళ్లు ఆమెను ఎరుగరు, కాబట్టి కోటేరు ముక్కని అన్నారు. చేతులెత్తి ఓటు వేయించాము. కోటేరు ముక్కు భారీ ఆధిక్యంతో గెలిచింది.

మర్యాద కోసం బిక్షమయ్య తాతను కూడా అడిగాము.

"గామె ఫొటోల సక్కగ సూస్తలేకుండె," అన్నాడాయన. "తలుపు దిక్కు సూస్తుండె. ఆ పొద్దే కొత్త చెప్పులు కొన్నం. స్టూడియో బయట ఇడిసినం. ఎవడన్న ఎత్కపోతడని పానమంత ఆడ్నే. ఫొటో ఆయన ఇటు చూడమ్మ ఇటు చూడమ్మ అని గొంతు పోగొట్టుకున్నడు."

అధ్యక్షులు చాలా ఓపికగా విన్నారు. "చెప్పుల వైపు చూస్తున్న పూర్వీకురాలిని భావితరాలకు ఏ విధంగా పరిచయం చేయగలం?" అని ఆవేదన వ్యక్తం చేశారు. చెప్పుల అంశాన్ని రికార్డుల నుంచి తొలగించి, పూలమ్మ నేరుగా చూడాలని తీర్మానించాము.

నమూనా ప్రతి వచ్చింది. పట్టుబట్ట తొలగించగానే గదంతా ఆహా అంది. పదిమందీ తెల్లగా, పళ్లు కనిపించేలా నవ్వుతూ నేరుగా చూస్తున్నారు. ఆ కాలంలో ఫొటోకు నవ్వేంత ధైర్యం ఎవరికీ ఉండేది కాదు గాని, ఇప్పుడు వచ్చింది. పూలమ్మ మెడలో మూడు పేటల గొలుసు యోగేందర్ తన తరఫున వేశాడు. బిక్షమయ్య తాత కొత్త కళ్లతో చాలాసేపు చూశాడు.

"అందరు మస్తున్నరు. పెండ్లికి వచ్చినట్టున్నరు," అన్నాడు. "ఎవరి తాలూకు?"

ఆయనకు చూపు ఇంకా పూర్తిగా కుదురుకోలేదని రాసుకున్నాము.

ఇక బొట్ల సమస్య. మళ్లీ వేళ్లు పడి పాడు కాకుండా ఈసారి బొట్లను కూడా సరైన పరిమాణంలో అచ్చులోనే వేసి, పైన పగలని ప్లాస్టిక్ పలక బిగించి, నాలుగు వైపులా శాశ్వతంగా మూసేయాలని నిర్ణయించాము. ఒకసారి మూస్తే మళ్లీ తెరవడం కుదరదని యోగేందర్ హెచ్చరించాడు. తొమ్మిది బొట్లు వేసి, "పదోది ఎట్ల చేద్దాం?" అని అడిగాడు. సభ్యులందరం సీలింగ్ ఫ్యాను వైపు చూశాము. ఫ్యాను బాగానే తిరుగుతోంది.

తరువాతి ఆదివారం అధ్యక్షులు, కోశాధికారి, నేను పండ్ల బుట్టతో మీర్‌పేట్ పోయాము. అధ్యక్షులు విషయాన్ని ఎంతో సున్నితంగా విప్పారు. "తాతా, మీరు నూరేళ్లు చల్లగా ఉండాలన్నది సంఘం ఏకగ్రీవ ఆకాంక్ష. అయితే ఆ ఆకాంక్షకూ ప్రింటింగ్ పనికీ పొంతన కుదరడం లేదు. మీరు పెద్ద మనసుతో ముందస్తు బొట్టుకు అంగీకరిస్తే చరిత్ర మిమ్మల్ని మరిచిపోదు."

భానుప్రియ వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది. "బతికున్న మనిషికి బొట్టు పెడ్తరా? మరి మీ ఇండ్లల్ల పెద్దోళ్లు లేరా? ఆడినుంచే మొదలువెట్టుర్రి," అంది. అధ్యక్షులు బుట్టలోని ఆపిల్ పండ్లను సవరించారు.

"ఊకో బిడ్డా," అన్నాడు తాత. "పెట్టుకోర్రి. పాత ఫొటో నాకియ్యుర్రి."

పాత ప్రతి సంఘం ఆస్తి అనీ, దాన్ని మూడు తాళాల బీరువాలో ఎవరూ చూడకుండా శాశ్వతంగా భద్రపరచాలని ఇదివరకే తీర్మానం అయిందనీ అధ్యక్షులు వివరించారు. తాత లేచాడు. బేరం కుదరకపోతే మూట కట్టుకుని లేచి పోవడం చీరల వ్యాపారంలో పాత పద్ధతి. ఉన్నది తన ఇంట్లోనే కాబట్టి లేచి లోపలి గదిలోకి పోయాడు. మేము కాసేపు కూర్చున్నాము. పండ్లు కూడా మా దగ్గరే మిగిలాయి. అచ్చుకు ఇవ్వవలసిన గడువు గుర్తుకొచ్చి, అధ్యక్షులే గడప దాకా పోయి పిలిచారు. ఆ విధంగా పాత ఫొటో 'శిథిల ప్రతి' కింద విసర్జించబడి, బిక్షమయ్య తాత చేతికి వచ్చింది. ఫ్రేము మాత్రం మాకు కావాలని ఊడదీసుకున్నాము.

తరువాత ఫొటో ముట్టినట్టు తాత సంతకం కోసం నేను మీర్‌పేట్ పోయినప్పుడు భానుప్రియ కిటికీ దగ్గర కూర్చుని, మెత్తటి పొడి కుంచెతో పూలమ్మ బొట్టును అంచునుంచి మెల్లగా దులుపుతోంది. నీళ్లు తగలొద్దని, నొక్కొద్దని యోగేందర్ చెప్పాడట. మధ్యాహ్నాలు ఖాళీ దొరికినప్పుడల్లా కొంచెం కొంచెంగా చేస్తోంది. తాత పక్కనే కూర్చుని ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

ముఖం రాలేదు. యోగేందర్ చెప్పింది నిజమే. కాని నూనె పూర్తిగా దిగని అంచున, ఒక చెవి బయటపడింది. చెవికి కమ్మ, దాని కింద దవడ గీత కొంచెం. తల తలుపు వైపు తిప్పుకుంది కాబట్టి ఆ చెవి బొట్టు పక్కకు వచ్చింది. ఫొటో ఆయన మాట విని నేరుగా చూసి ఉంటే అదీ దక్కేది కాదు.

ఇప్పుడు ఆ ఫొటో వాళ్ల ఇంట్లో, ఎండ పడని లోపలి గోడకు ఉంది. ఫొటోకూ అద్దానికీ మధ్య వేలి మందం సందు ఉంచి కట్టించారు. దండ లేదు, బొట్టు లేదు. భానుప్రియ ఫోన్‌తో తీసి ఇంట్లో అందరికీ పంపింది. ఇంత చిన్నదానికి ఆపరేషన్ చేయించుకున్నావా తాతా అని నేను అడిగితే, కొనకుండా బేరమాడేవాణ్ణి చూసినట్టు ఆయన నన్ను చూశాడు.

"నా మొకం ఇచ్చి ఆమె చెవి తెచ్చుకున్న బిడ్డా. బేరం నాదే బాగున్నది. గా కమ్మలు నేను చేయించినయే."

ఎల్బీనగర్ ఫంక్షన్ హాలులో వార్షికోత్సవం ఘనంగా జరిగింది. కొత్త ఫొటోను ఆవిష్కరించాము. బొట్టు ఉన్నవారందరికీ నివాళి అర్పించడం నిబంధన కాబట్టి పది పేర్లూ చదివి, సభను లేచి నిలబడమన్నాము. మొదటి వరసలో ఉన్న బిక్షమయ్య తాత కూడా కర్ర ఆనుకుని లేచి, అందరితో పాటు రెండు నిమిషాలు మౌనం పాటించాడు.

తరువాత వక్తలు ఆయన గురించి మాట్లాడారు. నిజానికి చాలా బాగా మాట్లాడారు. ఊరి నుంచి వచ్చిన ప్రతివాడికీ ఆయన ఇంట్లోనే మొదటి ముద్ద దొరికిందన్నారు. ఆయన ఇప్పించిన కిరాయి గదుల్లోనే సగం సంఘం పెరిగిందన్నారు. ఇన్నేళ్లలో ఈ మాటల్లో ఒక్కటి కూడా ఆయన చెవిన ఎవరూ వేయలేదు. వేయకూడదని కాదు, సందర్భం రాలేదు. ఒక వక్త, ఆ మహానుభావుడు పెట్టిన అన్నం రుచి నేటికీ నాలుక మీద ఉందనగానే, తాత కూర్చున్నచోటనే "వండింది నేను కాదు, పూలమ్మ," అన్నాడు. దివంగతుల పట్ల గౌరవంతో సభలో నిశ్శబ్దం పాటించాలని వక్త కోరారు. తాత పాటించాడు.

ఆ సభ ప్రభావం మేము ఊహించలేదు. ఆ వారం నుంచే సంఘం కార్యాలయానికి ముందస్తు బొట్టు కోసం విన్నపాలు రావడం మొదలైంది. అన్నీ ఆరోగ్యంగా ఉన్నవారివే. కొందరి ఇళ్లల్లో వారి మాట విని పదేళ్లయిందట. ఒకాయన, తన కొడుకులను కూడా సభకు పిలిపించి వెనక వరసలో కూర్చోబెట్టాలని కోరాడు. బతికున్నవారిని మెచ్చుకోవడం మనవాళ్లకు చేతకాదని గిట్టనివాళ్లు అంటుంటారు. అది శుద్ధ అపవాదు. నొసట ఒక బొట్టు పెట్టి ఇస్తే మనవాళ్లు ఎవరినైనా మెచ్చుకుంటారు.

పాఠకుల్లో ఆసక్తి ఉన్నవారు కూడా సంప్రదించవచ్చు. ఫొటో ఒక్కటి పంపితే చాలు. మనిషి రానవసరం లేదు.